పావగడ బడుల్లో ‘ఇంగ్’ చరిత్ర

1823లో బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయించి మద్రాసుకు పంపాడు. గవర్నరు మన్రో అడిగించిన లెక్క అది. ఇప్పటి అనంతపురం సీమ కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. మొత్తం 533 బడులు తేలాయి. కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226. మరాఠీ 23, సంస్కృతం 23, పారశీకం 21, తమిళం 4. ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్కటి.

ఆ నివేదికలో అంకెల కన్నా ఇంకో సంగతి నా మనసులో నిలిచిపోయింది. పిల్లలు పద్యాలను గడగడా అప్పజెబుతారు గానీ వాటి అర్థం వాళ్లకు తెలియదు, పుస్తకంలో ఉన్న భాష వేరు, వాళ్ల నోట ఆడే భాష వేరు అని క్యాంప్‌బెల్ రాశాడు. పద్యాల స్థానంలో ఇంగ్లీషు వ్యాకరణ సూత్రాలు పెట్టి చదివితే, నేను బతుకంతా గడిపిన తరగతి గది కళ్ల ముందు కనబడుతుంది.

మా పావగడ ఆ లెక్కలోకి రాలేదు. మాది మైసూరు రాజ్యం. కానీ పటం తీసి చూడండి. తుమకూరు జిల్లాలో చేరిన ఈ తాలూకాను మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకొని ఉంటుంది. ఒక పక్క మడకశిర, ఇంకో పక్క కళ్యాణదుర్గం సీమ. కొండ మీద కోట, కొండ కింద ఊరు, ఊళ్లో శనిమహాత్మ గుడి, నాగలమడికె దగ్గర పెన్న. ఇళ్లలో మాట తెలుగు. బడిలో, కచేరీలో కన్నడం. నేను వై.ఎన్. హొసకోటెలో మగ్గాల ఇంట్లో పుట్టి, తెలుగులో మాట్లాడి, కన్నడంలో చదివి, ఐదో తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్ది, ఆ ఇంగ్లీషునే ఈ తాలూకా ప్రభుత్వ హైస్కూళ్లలో చెప్పి రిటైరయ్యాను. ఎన్ని బ్యాచులు మారినా ఒక తప్పు మాత్రం పరీక్ష కాగితాల్లో మారలేదు. ‘గివప్పింగ్’, ‘వేకప్పింగ్’, ‘స్విచాఫింగ్’. గివింగ్ అప్ అని, వేకింగ్ అప్ అని, స్విచింగ్ ఆఫ్ అని రాయవలసిన చోట ఇవి. ఆ తప్పుకు ఒక చరిత్ర ఉంది. ఇక్కడ చెప్పబోయేది అదే.

మొదట మా ఇంటి మాట సంగతి. ‘బీడీ మానేసేది కష్టం రా నాయనా’ అంటారు మా ఊళ్లో. ఇదే పత్రికల్లోకి వస్తే ‘మానేయడం’. పాత పాఠ్యపుస్తకంలో ‘మానివేయుట’. బడిలో కన్నడ మేష్ట్రు నోట ‘బిట్టుబిడువుదు’. వేషం ఏదైనా కట్టుబాటు ఒక్కటే. రెండు క్రియలు కలుస్తాయి. మొదటిది అర్థం చెబుతుంది. రెండోది తన సొంత అర్థాన్ని చాలా మటుకు వదులుకొని, పని పూర్తయిందనో, తెగిందనో ఒక ఛాయను మాత్రం ఇస్తుంది. పడిపోవడంలో ఎవరూ ఎక్కడికీ పోరు. కొట్టిపారేయడంలో పారేసేది ఏమీ ఉండదు. ఈ జంటను నామంగా మార్చాలంటే ‘ట’ గానీ ‘డం’ గానీ, మా ‘ఏది’ గానీ, కన్నడం ‘ఉవుదు’ గానీ చివరి ముక్కకే తగులుతుంది. చివరికి తప్ప ఇంకెక్కడికీ తగలదు.

ఇంగ్లీషు కూడా జంటలే కడుతుంది. గివ్ అప్, పుట్ ఆఫ్, లుక్ ఆఫ్టర్, క్యారీ ఔట్. ఇక్కడా అంతే, రెండు ముక్కలు కలిసి మూడో అర్థం పుడుతుంది. అయితే ఇక్కడ రెండో ముక్క క్రియ కాదు. అప్, ఆఫ్, ఔట్ అనేవి దిక్కును, స్థానాన్ని చెప్పే చిన్న మాటలు, వాటికి ఏ ప్రత్యయమూ అంటదు. అందుకని నామంగా మార్చే ‘ఇంగ్’ ముందున్న క్రియకు అంటుకుంటుంది, చిన్న మాట దాని వెనక ఒంటరిగా నిలబడుతుంది. గివింగ్ అప్. పుటింగ్ ఆఫ్. లుకింగ్ ఆఫ్టర్. ‘గివప్పింగ్’ అని రాసిన మా పిల్లవాడు తనకు తెలిసిన రెండు భాషల వ్యాకరణాన్నీ పొల్లుపోకుండా పాటించాడు. ఈ మాట అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎర్ర సిరా సున్నా మాత్రం చుట్టింది.

పుస్తకాలు ఎందుకు చెప్పలేదో తెలియాలంటే అవి ఎవరి కోసం పుట్టాయో చూడాలి.

ఈ జంట క్రియలు పరాయివాళ్లకు కొరుకుడు పడవని ఇంగ్లీషువాళ్లకు ఎప్పుడో తెలుసు. 1755లో తన నిఘంటువుకు రాసిన పీఠికలోనే శామ్యూల్ జాన్సన్ ఆ సంగతి ఒప్పుకొని, కమ్ ఆఫ్, సెట్ ఔట్, టేక్ ఆఫ్ లాంటివి ఏరి చూపించాడు. అయినా ఆ జాతికి స్థిరమైన పేరు కుదరడానికి ఇంకో 170 ఏళ్లు పట్టింది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే మాటను తన పుస్తకంలో వాడి, అది తనకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ ఇచ్చిన పేరని చెప్పాడు. ఆ లోపు మన దేశపు బడుల్లోకి వచ్చిన వ్యాకరణాలన్నీ లాటిన్ చట్రంలో బిగించినవి. ఈ ‘ఇంగ్’ నామానికి అవి పెట్టిన జెరండ్ అనే పేరే లాటిన్‌ది. 1890ల్లో జె.సి. నెస్‌ఫీల్డ్ రాసిన వ్యాకరణాలు ఉత్తరాది విద్యాశాఖ నుంచి బయలుదేరి దేశమంతా పాకాయి. 1930ల్లో రెన్, మార్టిన్‌ల పుస్తకం ఆ చోటును ఆక్రమించింది. రెన్ బొంబాయి రాజ్యంలో విద్యాశాఖ ఉద్యోగి, నవలా రచయిత కూడా. ఆ పుస్తకం మా ఊరి బడి బీరువాలో కూడా ఉండేది. దానిలో జెరండ్‌కు ఒక అధ్యాయం. ఎన్నో పేజీలు దాటాక, ఈ జంటలు కనబడే జాతీయాలకు ఇంకో అధ్యాయం. ఒకటి ఒక ఏడాది చెబుతాం, రెండోది ఇంకో ఏడాది చెబుతాం. ఆ రెండూ కలిసే చోటే మా పిల్లలు పడిపోయే చోటు. ఆ చోటుకు అధ్యాయం లేదు.

1930లోనే సి.కె. ఆగ్డెన్ బేసిక్ ఇంగ్లీష్ అని 850 మాటల చిన్న భాష తయారుచేశాడు. అందులో క్రియలు 18. మిగతా క్రియల పని అంతా గెట్, పుట్, టేక్, గివ్ లాంటి వాటి పక్కన చిన్న మాటలు చేర్చి నడిపించాలి. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు అది తేలిక. మనకు ఆర్పడానికి ఎక్స్‌టింగ్విష్ అనే పెద్ద మాట ఒక్కటి బట్టీ పట్టడమే, పుట్ ఔట్ అర్థం చేసుకోవడం కన్నా సులువు. ఇది నేను తరగతిలో మళ్ళీ మళ్ళీ చూసిన నిజం.

ఇక్కడ తెలుగు చరిత్రలో ఒక మలుపు చెప్పి తీరాలి. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారుల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఏ. యేట్స్‌కు, భాషను జీవంతో, మాట్లాడే రూపంలో నేర్పాలనే పట్టుదల ఉండేది. అప్పుడు యూరపులో ఇంగ్లీషు, ఫ్రెంచి నేర్పడానికి వచ్చిన కొత్త పద్ధతి అదే. తెలుగు తరగతికి వెళ్లి చూస్తే, మేష్టారి నోట ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. ఈ తేడా ఎందుకని యేట్స్ అడిగిన ప్రశ్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని, విజయనగరంలో గురజాడను, విశాఖ ఏ.వి.ఎన్. కళాశాలలో పి.టి. శ్రీనివాస అయ్యంగారిని కదిలించింది. వ్యావహారిక భాషోద్యమం అక్కడి నుంచే ఊపందుకుంది. ఇంగ్లీషు పాఠం ఎలా చెప్పాలనే చర్చ తిరిగి తెలుగుకే మేలు చేసింది. చిన్నయసూరి బాలవ్యాకరణం నాటి ‘చేయుట’ పోయి, బడి పుస్తకంలోకి ‘చేయడం’ రాగలిగిందంటే వాళ్ల చలవే. ఆ గాలి పావగడ దాకా వీచలేదు. మా ‘చేసేది’ ఏ పుస్తకంలోనూ చోటు సంపాదించలేదు. కన్నడంలో నోటి మాటగా ‘మాడోదు’ అన్నట్టే, మేము ‘చేసేది’ అంటాం. సరిహద్దు మాట గనక రెండు వైపుల పండితులూ దాన్ని పట్టించుకోలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఇంగ్లీషు నేర్పే విద్యకు దక్షిణాదిలో రెండు పెద్ద ఇళ్లు వెలిశాయి. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ. 1963లో బెంగళూరులో ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ. మాలాంటి హైస్కూలు టీచర్లను శిక్షణకు పంపేది బెంగళూరుకే. ఆ రోజుల్లో రాజ్యమేలింది వాక్య నిర్మాణాల పద్ధతి. వాక్యపు అచ్చులను తేలిక నుంచి కష్టానికి వరస పెట్టి, ఒక్కో అచ్చునూ తరగతంతా కోరస్‌గా పలకాలి. ఎ.ఎస్. హార్న్‌బీ నిఘంటువు ఈ పద్ధతికి పెద్ద అండ. జపాను విద్యార్థుల ఇబ్బందులు చూసి 1942లో టోక్యోలో అచ్చు వేసి, 1948లో ఆక్స్‌ఫర్డ్ నుంచి మళ్ళీ వచ్చిన పుస్తకం అది. ఏ క్రియ వెనక ‘ఇంగ్’ రావాలో, ఏ క్రియ వెనక ‘టు’ రావాలో అందులో తెలుస్తుంది. జపానువాళ్ల కష్టం చూసి జపానులో నిఘంటువు పుట్టింది. మా కష్టం చూసిన పుస్తకం ఏదీ మా దాకా రాలేదు.

హైదరాబాదు సంస్థకు తొలినాళ్లలో డైరెక్టరుగా ఉన్నది కన్నడ కవి వి.కృ. గోకాక్. ఆయన పేరు మా తాలూకాలో ప్రతి టీచరుకూ తెలుసు, కానీ ఇంగ్లీషు వల్ల కాదు. 1981లో ఆయన కమిటీ ఇచ్చిన నివేదిక హైస్కూళ్లలో కన్నడానికే ప్రథమ భాష స్థానం ఇవ్వాలంది. మరుసటి ఏడు సినీ నటుడు రాజ్‌కుమార్ వీధుల్లోకి వచ్చాక అది మహా ఉద్యమమైంది. కన్నడ నేలలో కన్నడానికి అగ్రాసనం దక్కడం న్యాయమనే నేను నమ్ముతాను. కన్నడం నాకు అన్నం పెట్టింది. నా దిగులు ఇంకొకటి. ఇంగ్లీషు చెప్పడంలో ఆరితేరడం, కన్నడం కోసం నిలబడడం ఒకే మనిషిలో ఉన్న కాలంలో కూడా, పిల్లవాడి ఇంటి మాటను ఇంగ్లీషు పాఠానికి మెట్టుగా వాడుకోవచ్చనే ఆలోచన మా బడుల దాకా దిగిరాలేదు. క్రియను నామం చేసే తీరులో తెలుగు, కన్నడం ఒకే తల్లి పోలికలు. మేష్ట్రు ‘బిట్టుబిడువుదు’ను బోర్డు మీద రాసి చూపించినా మా పిల్లలకు చాలేది.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం ఇంకో దారి తొక్కింది. దాన్ని ప్రపంచమంతా బెంగళూరు ప్రాజెక్టు అంటుంది. బెంగళూరు, మద్రాసు చుట్టుపక్కల మామూలు బడుల్లో వ్యాకరణ పాఠమే తీసేసి, రైళ్ల టైంటేబులు, ఊరి పటం లాంటివి పిల్లల చేతికిచ్చి లెక్కలు తేల్చమన్నారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడే భాషారూపం లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. 1987లో పుస్తకంగా రాశాడు. ఇప్పుడు అది ఇంగ్లండులో, అమెరికాలో ఇంగ్లీషు టీచర్లు కావాలనుకునేవాళ్లు చదివే పుస్తకం. మన పక్క ఊళ్ల పిల్లలే ఆ పాఠానికి మూలం, ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన చరిత్ర. అయినా ఒక మాట. వారంలో కొన్ని గంటలు తప్ప ఇంగ్లీషు చెవిన పడని పల్లెలో, ‘ఇంగ్’ ఎక్కడ చేరాలో దానంతట అదే తెలిసిరాలేదు. ఎవరో ఒకరు చూపించాల్సి వచ్చింది.

నేను చూపించిన తీరు చెబుతాను.

మా పిల్లల నోట్లో ఇంగ్లీషు జంట క్రియలు ముందే ఉన్నాయి. ‘మోటారు ఆన్ చేసేది’, ‘ఫోను స్విచాఫ్ చేసేది’, ‘బండి పికప్ చేసుకునేది’, ‘డాక్టరు దగ్గర చెకప్ చేయించుకునేది’. వేరుశనగ చేనుకు బోరు నీళ్లు పెట్టే ఇంట్లో ఆఫ్, ఆన్ తెలియని పిల్ల ఉండదు. తెలుగు ఈ జంటలను ముద్దగా మింగేసి, వెనక ‘చేసేది’ తగిలించి, తన పద్ధతిలో తాను నామం చేసుకుంది. అందుకే పిల్లలు ఇంగ్లీషు రాసేటప్పుడు ‘చేసేది’ తీసి, దాని చోట ‘ఇంగ్’ పెట్టేస్తారు. స్విచాఫ్ చేసేది, స్విచాఫింగ్. బోర్డు మీద రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి, ముద్దను చీల్చి, క్రియ ఏది, చిన్న మాట ఏది అని అడిగితే ఎనిమిదో తరగతి పిల్లలు వాళ్లే చెప్పేవారు. అక్కడి నుంచి ‘ఇంగ్’ తన చోటుకు తానే వెళ్లేది.

తర్వాత సర్వనామం. పెళ్లి వాయిదా వేయడం పుటింగ్ ఆఫ్ ద వెడ్డింగ్ అనొచ్చు, పుటింగ్ ద వెడ్డింగ్ ఆఫ్ అనొచ్చు. ‘దాన్ని’ అనాలంటే మాత్రం పుటింగ్ ఇట్ ఆఫ్ ఒక్కటే దారి. అదే లుకింగ్ ఆఫ్టర్ హర్‌లో హర్ మధ్యలోకి రాదు. దీనికి ఇంటి మాట సాయం రాదు. ఇది కొత్తగా నేర్చుకోవలసిందే, కొత్తదని చెప్పి నేర్పాలి.

లుకింగ్ ఫార్వర్డ్ టు అనేది ఉత్తరాల్లో పిల్లల్నే కాదు, ఆఫీసర్లను కూడా తికమక పెడుతుంది. ‘టు’ కనబడగానే ‘టు హియర్’ అని రాసేస్తారు. ఆ చోట ఉగాది పెట్టి చూడమనేదాన్ని. లుకింగ్ ఫార్వర్డ్ టు ఉగాది. కుదిరింది. నామం కుదిరిన చోట క్రియ రావాలంటే నామం వేషంలోనే రావాలి, కాబట్టి లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్. మన తెలుగులోనూ ‘కోసం’ ముందు క్రియ రావాలంటే ‘వినడం కోసం’ అనే అంటాం గదా.

ఇంకో చిక్కు మన లిపిలో ఉంది. ఆఫ్ అని రాస్తే రెండు ఇంగ్లీషు మాటలకూ అదే అక్షరం, మన చెవికి అదే ధ్వని. ‘స్విచింగ్ ఆఫ్ ద మోటార్’ అన్నప్పుడు అక్కడున్నది ఆపే ఆఫా, షష్ఠీ విభక్తి ఆఫా అని పిల్లలు అడిగితే నాకు ముచ్చటేసేది. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ ఆ రెండూ ఒకే మాట, తర్వాత విడిపోయాయి. ‘ద’ పెట్టి నిండు నామంగా వాడితే రెండూ పక్కపక్కనే వస్తాయి: ద స్విచింగ్ ఆఫ్ ఆఫ్ ద మోటార్. మొదటిది ఆపడం, రెండోది ‘యొక్క’.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం మాత్రం అప్‌బ్రింగింగ్. పిల్లల్ని పెంచడం బ్రింగింగ్ అప్ అయితే, పెంపకానికి అప్‌బ్రింగింగ్ అని మాట ఎలా వచ్చింది? వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లీషులో చిన్న మాట చాలా సార్లు క్రియకు ముందే నిలిచేది, జర్మన్‌లో ఇప్పటికీ ఆ పోలిక ఉంది. తర్వాతి శతాబ్దాల్లో అది క్రియ వెనక్కి జరిగింది. అదే కాలంలో నామానికీ, విశేషణానికీ వేరువేరుగా ఉన్న రెండు ప్రత్యయాలు కలిసిపోయి ఒక్క ‘ఇంగ్’ అయ్యాయి. ముందు నిలిచే ఆ పాత వరస కొన్ని మాటల్లో మిగిలింది. అప్‌బ్రింగింగ్, అప్‌రైజింగ్, ఔట్‌గోయింగ్, ఇన్‌కమింగ్. వీటిలో ‘ఇంగ్’ చివరనే ఉంది చూడండి, అచ్చం మన ‘డం’ లాగే. ఫోన్‌లో ఇన్‌కమింగ్, ఔట్‌గోయింగ్ అనే మాటలు మా ఊళ్లో గొర్రెలు కాసేవాళ్ల నోట కూడా ఆడతాయి. చిన్న మాట ముందుకొస్తే ‘ఇంగ్’ చివరికి పోతుంది, వెనక్కి పోతే ‘ఇంగ్’ మధ్యలో ఉంటుంది అని ఆ రెండు మాటలతోనే చెప్పేదాన్ని. అర్థం కూడా జరుగుతుంది. బ్రింగింగ్ అప్ చేస్తున్న పని, అప్‌బ్రింగింగ్ ఆ పని వల్ల మనిషిలో నిలిచినది.

2007 విద్యా సంవత్సరం నుంచి కర్ణాటక ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు మొదలైంది. తర్వాత మా తాలూకాలో తిరుమణి, వల్లూరు, రాయచెర్లు వైపు పదమూడు వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చి 1న ప్రారంభమై, 2,050 మెగావాట్లకు పెరిగింది. వానల్లేక బీడు పడ్డ పొలాలకు మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల లీజు ఇచ్చారు. పొలం పనిలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగ ప్రకటనలు పట్టుకొని ఇంటికి వస్తారు. వాటి నిండా క్యారీయింగ్ ఔట్, సెటింగ్ అప్, ఫాలోయింగ్ అప్.

మొన్న ఒక అబ్బాయి, ‘మిస్, హ్యాండోవర్ అని ఒక చోట, హ్యాండింగ్ ఓవర్ అని ఒక చోట ఉంది, ఏది రైటు?’ అని అడిగాడు. రెండూ రైటే అన్నాను. హ్యాండోవర్ అంటే అప్పగింత. ఒక సంఘటన, తేదీ వేసి చెప్పొచ్చు. హ్యాండింగ్ ఓవర్ అంటే అప్పజెప్పేది. పని గనక దేన్ని అని చెప్పాలి. హ్యాండింగ్ ఓవర్ ద కీస్, హ్యాండింగ్ ద కీస్ ఓవర్, హ్యాండింగ్ దెమ్ ఓవర్. మూడూ ఆ ప్రకటన వెనకే రాయించాను. ‘హ్యాండింగ్ ఓవర్ దెమ్ అంటే?’ అన్నాడు. అది రాదు నాయనా అని చెప్పి, పుటింగ్ ఇట్ ఆఫ్ మళ్ళీ రాయమన్నాను.